మేనమామ పోలిక

సూర్యారావు మేత బస్తా భుజాన వేసుకుని గట్టు మీద సగం దూరం వచ్చేసరికి షెడ్డు దగ్గర నవ్వులు వినిపించేయి. రొయ్యల చెరువులో నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటరు బాగుచెయ్యడానికి ముమ్మిడివరం నుంచి వచ్చిన మెకానిక్కు గోడకి చేరబడి ఫోను చూస్తున్నాడు. చెరువుల మీద పనిచేసేవాళ్ళు అతని భుజాల మీంచి తొంగి చూస్తున్నారు. సూర్యారావుని చూడగానే ఒకడు గొంతు సవరించుకున్నాడు. మెకానిక్కుకి ఇతనెవరో తెలీదు. "మీరూ చూడండి బాబాయ్, మా ఊరి కాలేజీ ఫంక్షను" అని ఫోను ఇటు తిప్పేడు.

స్టేజీ మీద లంగా ఓణీలో ఒక పిల్ల ఉంది. పాట ఆపించి, మైకు పట్టుకున్న లెక్చరరు ఒకాయన ఆ పిల్ల దగ్గరికి వచ్చి, గెడ్డం కింద వేలు పెట్టి మొహం జనం వైపు ఎత్తేడు. "ఈ అమ్మాయెవరో చెప్పుకోండి చూద్దాం. మన సెకండియర్ బైపీసీయే" అన్నాడు. కింద ఈలలు వేసేరు. "నీ గొంతుతో ఒక్క మాట చెప్పమ్మా, వాళ్ళే పోల్చుకుంటారు" అని మైకు నోటి దగ్గర పెట్టేడు. ఆ పిల్ల పెదవి విప్పలేదు. ఓణీ చెంగుని గుప్పిట్లో పెట్టి నలిపేస్తోంది.

భయమేసినప్పుడల్లా అలా బిగుసుకునే ఆ గుప్పిలి చూసి పోల్చుకున్నాడు సూర్యారావు. తన చెల్లెలు మాణిక్యం కొడుకు, శ్యామ్ బాబు. వాడికి పదిహేడు నిండేయి. కొత్తవాళ్ళెవరైనా చూస్తే ఏడో తరగతా అని అడుగుతారు.

"మేనమామ పోలిక మరి" అన్నారెవరో వెనక నుంచి.

ఎవరన్నారో సూర్యారావు తిరిగి చూడలేదు. చూడక్కర్లేదు. ఆ మాట ఊళ్ళో అందరిదీ. నలభయ్యారేళ్ళు వచ్చినా అతనికి మీసం రాలేదు, గెడ్డం రాలేదు. గొంతు పసిపిల్లాడి గొంతులాగే ఉండిపోయింది. పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. పరాయివాళ్ళ ముందు వీలైనంత తక్కువ మాట్లాడడం ఎప్పుడో అలవాటు చేసుకున్నాడు. బస్తా విప్పి, డబ్బాలో మేత నింపుకుని, థర్మాకోల్ తెప్ప మీద చెరువులోకి వెళ్ళేడు.

తాడు పట్టుకుని తెప్పని లాక్కుంటూ మేత చల్లడం అతనికి కళ్ళు మూసుకుని చెయ్యగలిగే పని. ఆ పూట మాత్రం చెయ్యి మాట వినలేదు. నీళ్ళ మీద పల్చగా పరుచుకోవలసిన మేత ముద్దలు ముద్దలుగా పడింది. మేత తింటున్నాయో లేదో చూడ్డానికి నీళ్ళలో దించి ఉంచే చెక్ ట్రే పైకి లాగి చూసేడు. రొయ్యలు ఎగిరిపడుతున్నాయి. ఎన్నాళ్ళనుంచో ప్రతి పూటా ఒక రొయ్యని తీసి, వెలుతురుకి పట్టి, పేగు నిండిందో లేదో చూసి మళ్ళీ నీళ్ళలో వదులుతాడు. అలాగే తీసేడు. చూడడం మర్చిపోయి గుప్పిలి బిగించేడు. వేళ్ళ సందుల్లోంచి అది చితికి బయటికొచ్చేక గానీ తెలీలేదు.

సాయంత్రం అతను చెల్లెలి ఇంటికి వెళ్ళేసరికి శ్యామ్ బాబు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. రెండ్రోజులుగా కాలేజీకి వెళ్ళలేదట. మాణిక్యం ఏడ్చి ఏడ్చి అలిసిపోయి పొయ్యి దగ్గర కూర్చుంది. ఆమె మొగుడు త్రిమూర్తులు చేపల వేట లేని రోజు కావడంతో గుమ్మంలో వల కుడుతున్నాడు. ఊళ్ళో ఆరెంపీ మీసాలు రావడానికి ఇంజక్షను ఉందన్నాడనీ, నెలకొకటి పొడిస్తే చాలన్నాడనీ తల ఎత్తకుండానే చెప్పేడు.

"వాడికి ఒంట్లో ఏం లేదో తెలీకుండా ఏం పొడుస్తాడు బావా?" అన్నాడు సూర్యారావు. "పెద్ద డాక్టరుకి చూపిద్దాం. అమలాపురం తీసుకెళ్దాం."

మాణిక్యం ముక్కు తుడుచుకుంది. కొంతమంది పిల్లలు ఆలస్యంగా ఎదుగుతారనీ, ఇంకో రెండేళ్ళు చూద్దామనీ, ఆసుపత్రికి తిప్పితే లేని జబ్బు అంటగడతారనీ చెప్పుకొచ్చింది. చివరికి, "నువ్వూ చిన్నప్పుడు ఇలాగే ఉండేవాడివి కదన్నయ్యా. నీకిప్పుడేం తక్కువైంది?" అంది.

ఆమె దెప్పడానికి అనలేదు. నిజంగానే అలా అనుకుంటోంది. అదే సూర్యారావుకి మరీ కష్టంగా తోచింది. వాళ్ళ ఇంటి పక్క గదిలో ఉంటాడు, వాళ్ళతోనే తింటాడు, సంపాదించింది ఆ పిల్లలకే పెడతాడు. తక్కువైందేమిటో చెప్పాలంటే ఎక్కణ్ణించి మొదలుపెట్టాలి?

గోడ వైపు తిరిగినవాడు తిరిగినట్టే ఉండి శ్యామ్ బాబు అన్నాడు. "మావయ్య రావద్దమ్మా. మావయ్యతో వెళ్తే ఇంకా నవ్వుతారు." గోడకి ఇంకా దగ్గరగా జరిగి, "నేను మావయ్యలాగ అయిపోతే చచ్చిపోతాను" అన్నాడు.

త్రిమూర్తులు చేతిలో సూది ఆగిపోయింది. మాణిక్యం వాణ్ణి కసిరింది. సూర్యారావు లేచి, వాడి కాళ్ళ దగ్గర జారిపోయిన దుప్పటి సర్ది, తన గదిలోకి వెళ్ళిపోయేడు.

మర్నాడు చెరువు పని అయ్యేక ముమ్మిడివరం వెళ్ళి కాలేజీలో ఆ లెక్చరరు ఎక్కడుంటాడో కనుక్కున్నాడు. రమణబాబు అని, మంచి ఇస్త్రీ చొక్కా, మర్యాద గల మనిషి. కుర్చీ చూపించి కూర్చోండి అన్నాడు, మంచినీళ్ళు ఇప్పించేడు. ఇదంతా సరదాకి చేసిందేననీ, నాటికలో ఆడపిల్ల వేషానికి ఎవరూ ముందుకు రాకపోతే మీవాడైతే సరిపోతాడని అందరూ అన్నారనీ, వాడికి ప్రైజు కూడా ఇచ్చేమనీ చెప్పేడు.

"వాడు వేస్తానన్నాడాండీ?" అని అడిగేడు సూర్యారావు.

ఆ గొంతు వినగానే రమణబాబు పెదవి చివర సన్నగా కదిలింది. ఆయన దాన్ని అదుపులో పెట్టుకున్నాడు. కిటికీ అవతల నిలబడ్డ పిల్లలు మాత్రం పెట్టుకోలేదు. "వేస్తానన్నాడాండీ" అని ఎవడో సన్నని గొంతుతో సాగదీసేడు. ఒక్కసారిగా నవ్వులు.

"ఆ వీడియో తీయించెయ్యండి" అన్నాడు సూర్యారావు.

"ఎవరి ఫోన్లోంచని తీయిస్తామండీ? అందరి దగ్గరా ఉంది" అన్నాడు రమణబాబు. గొంతు తగ్గించి, సాయం చేస్తున్నవాడిలా ముందుకి వంగేడు. "మీరు ఏమీ అనుకోకపోతే ఒక మాటండీ. మా మీద కోపం తెచ్చుకునే బదులు, ముందు మీవాణ్ణి మంచి డాక్టరుకి చూపించుకోండి. ఇందులో మేం చేసిందేముంది చెప్పండి, దేవుడు చేసిందే కదా."

సూర్యారావు లేచి వచ్చేసేడు. ఇచ్చిన మంచినీళ్ళు ముట్టుకోలేదు. ఇంటికి ఐ.పోలవరం ఆటో ఎక్కేడు. ఆ మనిషి అన్న మాటల్లో ఒకటి సరైనదే కావడం, అదీ ఆ నోట్లోంచి రావడం అతను దిగమింగుకోలేకపోయేడు.

గ్రంథుల డాక్టరు ఎబినేజర్ గారు కాకినాడ నుంచి బుధవారాలు అమలాపురం వస్తారు. పిల్లాడు ఇంక కాలేజీకే వెళ్ళనని కూర్చునేసరికి మాణిక్యం సరేనంది. వరండా నిండా షుగరు రోగులు. శ్యామ్ బాబు తల్లితో ఒక బెంచీ మీద కూర్చున్నాడు. వద్దన్నా వచ్చిన సూర్యారావు వాళ్ళకి ఎడంగా, గది తలుపు పక్కన నిలబడ్డాడు. పేరు పిలిచినప్పుడు వాడు తల్లి చెవిలో ఏదో అన్నాడు. మాణిక్యం అన్న వైపు చూసి, నువ్వు ఇక్కడే ఉండు అన్నట్టు చెయ్యి ఊపింది.

గుమ్మానికి కర్టెనే తప్ప తలుపులు లేవు. లోపలి మాటలు బయటికి తెలుస్తూనే ఉన్నాయి. డాక్టరుగారు ఎత్తు కొలిచేరు, చేతులు చాపించి కొలిచేరు. తెర వెనక్కి తీసుకెళ్ళి పరీక్ష చేసేటప్పుడు, శనగగింజంత పూస నుంచి కోడిగుడ్డంత పూస దాకా గుచ్చిన దండ ఒకటి వాడికి చూపించి, ఇది కొలవడానికేననీ, భయపడాల్సిన పని లేదనీ చెప్పేరు. ఎప్పుడైనా ఇంజక్షన్లేమైనా చేయించేరా అని అడిగేరు. లేదంటే మంచిపని చేసేరన్నారు. ముందే పొడిపించి ఉంటే ఇప్పుడు రక్తంలో ఏది ఒంటిదో ఏది మందుదో తెలిసేది కాదట.

"ఈ వయసుకి వృషణాలు ఇంత చిన్నవిగా ఉండకూడదమ్మా. ఆలస్యమా, లేక అసలు మొదలవ్వదా అన్నది తేల్చుకోవాలి" అన్నారాయన. "మీ ఇళ్ళల్లో ఇలా ఎవరైనా ఉన్నారా? ఎదుగుదల లేటయినవాళ్ళు, గెడ్డం మీసం రానివాళ్ళు, పిల్లలు లేనివాళ్ళు?"

కర్టెన్ ఇవతల సూర్యారావు గుమ్మానికి ఇంకొంచెం దగ్గరగా జరిగేడు.

"ఎవరూ లేరండీ" అంది మాణిక్యం.

వరండాలో ఫ్యాను కింద ఒక ముసలాయన దగ్గుతున్నాడు. సూర్యారావు గోడ మీద షుగరు జాగ్రత్తల బొమ్మ కేసి చూస్తూ నిలబడ్డాడు. బొమ్మలో పళ్ళూ కూరగాయలూ ఉన్నాయి. ఎంతసేపు చూసినా అవేమిటో తలకెక్కలేదు. ఎవరూ లేరు. లోపలికి వెళ్ళి, ఇదిగో నేనున్నాను అని అరవాలనిపించింది. అరిస్తే వచ్చే గొంతు ఎలా ఉంటుందో తెలుసు కాబట్టి అరవలేదు.

రక్తం పొద్దున్నే, ఏమీ తినకుండా ఇవ్వాలన్నారు. ఆ హార్మోను తెల్లారి వేళే ఎక్కువగా ఉంటుందట. మర్నాడు మొదటి బస్సులో మళ్ళీ వెళ్ళేరు. ల్యాబులో అనిత అనే అమ్మాయి శ్యామ్ బాబు చేతికి రబ్బరు కట్టి, నరం దొరక్క రెండుసార్లు తట్టింది. వాడు మొహం తిప్పుకున్నాడు. గొట్టాలు నింపి, వాటి మీద పేరు రాసి పెట్టుకుంది. ఎడం చేతికి ఎక్స్‌రే తీసేరు. చేతి ఎముకలు చూస్తే ఒంటి అసలు వయసు తెలుస్తుందట. ఆ ఎముకల వయసు పదమూడుకి మించలేదని తర్వాత తెలిసింది.

మళ్ళీ బుధవారం రిపోర్టులు వచ్చేయి. ఈసారి మాణిక్యం, "నువ్వూ రా అన్నయ్యా, నాకు ఆయన చెప్పేది అర్థం కాదు" అంది. శ్యామ్ బాబు వద్దనలేదు. సూర్యారావు లోపలికి వెళ్ళి వాళ్ళ వెనకాల, డాక్టరుగారికి సరిగ్గా కనపడకుండా, బీరువా పక్కన నిలబడ్డాడు.

ఎబినేజర్ గారు కాగితం బోర్లా పెట్టేసి నేరుగా శ్యామ్ బాబుతో మాట్లాడేరు. "మెదడు కింద చిన్న గ్రంథి ఒకటుంటుంది నాన్నా. అక్కణ్ణించి వృషణాలకి కబురు రావాలి, ఇంక పని మొదలెట్టండి అని. రెండు హార్మోన్లు ఆ కబురు మోసుకొస్తాయి. కబురొచ్చినా వృషణాలే పనిచెయ్యకపోతే ఆ రెండూ బాగా పెరిగిపోతాయి, గట్టిగా అరిచి పిలిచినట్టు. నీ రక్తంలో ఆ రెండూ దాదాపు లేవు. అంటే పనిచేసేవి చెడిపోలేదు. వాటికి కబురే అందలేదు."

థైరాయిడ్డూ మిగతావీ బాగానే ఉన్నాయట. అయితే ఊరికే ఆలస్యంగా ఎదిగే పిల్లల్లో కూడా రక్తం ఇలాగే ఉండవచ్చనీ, అందుకే ఇంకోటి చూడాలనీ చెప్పి, ఆయన సొరుగులోంచి చిన్న చిన్న సీసాలు తీసేరు. శ్యామ్ బాబుని కళ్ళు మూసుకోమని ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టేరు. కాఫీ పొడి మూత తియ్యగానే మాణిక్యానికే వాసన తగిలింది. తర్వాత లవంగాలు. తర్వాత కర్పూరం.

"ఏంటిది?"

"ఏమీ లేదండీ" అన్నాడు వాడు. "ఖాళీ సీసా."

మాణిక్యం కంగారుపడి, వాడికి జలుబు చేసిందేమోనంది.

"వాడికి జలుబేం లేదు" అన్నాడు సూర్యారావు. తను మాట్లాడబోతున్నట్టు తనకే తెలీలేదు. "నాక్కూడా తెలీదండీ వాసన. పుట్టి బుద్ధెరిగి తెలీదు."

ఆ గొంతుకి డాక్టరుగారు చటుక్కున తలెత్తేరు. బీరువా పక్కనున్న మనిషిని ఇప్పుడే చూస్తున్నట్టు చూసేరు. నున్నటి బుగ్గలు, సన్నటి భుజాలు, ఒంటికి మించి పొడుగ్గా ఉన్న కాళ్ళు, చేతులు. ఆ చూపులో నవ్వు లేదు. అలాంటి చూపు ఎలా తీసుకోవాలో తెలీక సూర్యారావు కళ్ళు దించుకున్నాడు.

"మీరేమవుతారండీ?"

"మేనమామనండీ."

"ఎవరూ లేరన్నారు కదమ్మా" అన్నారు డాక్టరుగారు నెమ్మదిగా. మాణిక్యం పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

ఆయన కోప్పడలేదు. సూర్యారావుని ముందుకి పిలిచి కూర్చోబెట్టేరు. వాసన తెలిపే నరాలూ, ఆ కబురు పంపే కణాలూ తల్లి కడుపులో ఉన్నప్పుడు ఒకే దారిన నడుస్తాయనీ, ఆ దారి సరిగా పడకపోతే రెండూ ఆగిపోతాయనీ చెప్పేరు. కొన్ని కుటుంబాల్లో ఇది తల్లి వైపు నుంచి మగపిల్లలకి వస్తుందట. తల్లికి ఏ బాధా ఉండదు. ఆమె అన్నదమ్ముల్లో ఉంటుంది, ఆమె కొడుకుల్లో వస్తుంది. కాకినాడలో మెదడుకి స్కాను తీయించి రూఢి చేసుకోవాలన్నారు. "కానీ మిమ్మల్ని చూసేక నాకు పెద్దగా అనుమానం లేదండీ. మీరు రాకపోయుంటే ఇంకో ఏడాది చూద్దాం అని పంపేసేవాణ్ణేమో" అన్నారు.

మందు ఉందన్నారు. వారం వారం ఇంజక్షన్లు. గొంతు మారుతుంది, మీసాలొస్తాయి, ఒళ్ళు నిండుతుంది. పెళ్ళయ్యేక పిల్లలు కలగడానికి వేరే ఇంజక్షన్లున్నాయి. శ్యామ్ బాబు కుర్చీ అంచుకి జరిగి, నోరు కొంచెం తెరుచుకుని వింటున్నాడు. మాణిక్యం కళ్ళు ఒత్తుకుంటోంది.

సూర్యారావు అదంతా విన్నాడు. అప్పుడు అడిగేడు.

"నాకు పదిహేడేళ్ళప్పుడు ఈ పరీక్ష ఉందాండీ?"

ఎబినేజర్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేరు. "ఉందండీ."

"ఈ మందు?"

"మందూ ఉంది. పెద్ద ఊళ్ళకి వెళ్ళాల్సొచ్చేది, అంతే."

డాక్టరుగారే మళ్ళీ, ఇప్పటికైనా మించిపోయింది లేదన్నారు. ఇది మీసం కోసం కాదనీ, ఈ హార్మోను లేక ఎముకలు గుల్లబారిపోతాయనీ, ఎప్పుడైనా విరిగేయా అనీ అడిగేరు. కిందటేడు గట్టు మీద కాలు జారితే మణికట్టు విరిగిందని చెప్పేడు సూర్యారావు. అంత చిన్న జారుడుకి విరగడమేమిటని అప్పుడు అందరూ నవ్వేరు. ఆ సంగతి చెప్పలేదు. డాక్టరుగారు ఒక చీటీ రాసి, పొద్దున్నే ఏమీ తినకుండా రమ్మని అతని చేతిలో పెట్టేరు.

బయట పంపు దగ్గర సూర్యారావు మొహం కడుక్కున్నాడు. కడిగి, మళ్ళీ కడిగేడు. చెరువు అడుగు బురద కంపు కొడుతోందని పనివాళ్ళు ముక్కులు మూసుకుంటే తనూ మూసుకునేవాడు. మల్లెపూలు బాగున్నాయంటే బాగున్నాయనేవాడు. వాసన అంటే జనం మాట్లాడుకునే ఒక మాట అనుకున్నాడు గానీ, తనకి ఒకటి తక్కువైందని అనుకోలేదు. ఆ రెండో దానికి, మీసం రాకపోవడానికీ గొంతు మారకపోవడానికీ మాత్రం ప్రతివాళ్ళూ పేర్లు పెట్టేరు. స్నేహితులు పెట్టేరు, చుట్టాలు పెట్టేరు, పెళ్ళి పందిళ్ళలో ఆడవాళ్ళ బంతిలో కూర్చోమని చెయ్యి పట్టి లాగేరు. అన్ని పేర్లు పెట్టినవాళ్ళలో ఒక్కడూ, ఒక్కడంటే ఒక్కడు, ఒక గొట్టం రక్తం తీయిద్దాం అనలేదు. తండ్రి అనలేదు. బడి అనలేదు. జ్వరానికి మందిచ్చిన డాక్టర్లు చొక్కా ఎత్తి గుండె చూసేరు, ఈ మొహం చూసేరు, చీటీ రాసి పంపేసేరు. నీళ్ళు మోచేతుల దాకా కారి చొక్కా తడిసిపోయింది. పంపు కట్టెయ్యడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు. శ్యామ్ బాబు వచ్చి పంపు కట్టేసేడు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే మాణిక్యం అందుకుంది. పిల్లాడిది చిన్న వయసు, వాడికి చేయిద్దాం. నీకిప్పుడెందుకన్నయ్యా అంది. ఈ వయసులో ఆ ఇంజక్షన్లు మొదలెడితే ఊరంతా అడుగుతారు, నీది తవ్వితే వాడిదీ తవ్వుతారు, రేపు వాడికి పిల్లనెవరిస్తారు అంది. ఎలాగూ నువ్వు అలవాటుపడిపోయేవు కదా అని కూడా అంది.

"డాక్టరుగారితో ఎవరూ లేరన్నావు" అన్నాడు సూర్యారావు. గొంతు పెంచలేదు. "నేనెవర్ని మాణిక్యం?"

ఆమె తెల్లబోయింది. అన్నగారు ఆమెతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు. నీ పేరు చెబితే వీడూ ఇంతేనని రాసేస్తారేమోనని భయపడ్డానన్నయ్యా అంది.

"నా పేరు చెప్పబట్టే వాడికి మందు దొరికింది" అన్నాడు. "ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళు నన్ను చూసి నవ్వేరు. మీరు నవ్వలేదు. కానీ నన్ను తీసుకెళ్ళి ఎవరికీ చూపించలేదు. నేనిలా ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. ఇంటికి ఒక మనిషి మిగిలేడు, అంతే కదా."

మాణిక్యం తలుపు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. వల మడతపెడుతున్న త్రిమూర్తులు దాన్ని పక్కన పెట్టి లేచేడు. పెళ్ళాం వైపు చూడలేదు.

"పొద్దున్న మేత నేను వేస్తాను" అన్నాడు. "నువ్వెళ్ళు బావా."

తెల్లారగట్ల సూర్యారావు తయారై బయటికొచ్చేసరికి శ్యామ్ బాబు స్నానం చేసి, తల దువ్వుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఎక్కడికని అడిగితే, అమలాపురం అన్నాడు. బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అంబాజీపేట వైపు వెళ్ళే కొబ్బరికాయల లారీ ఒకటి చాలా దూరం దారి ఇవ్వకుండా ముందు నడిచింది. ఏదో అనాలని వాడు రెండుసార్లు ఇటు తిరిగి, మళ్ళీ కిటికీ వైపు తిరిగేడు. మూడోసారి మాత్రం, "ఆ రోజు నేనన్నది..." అన్నాడు. సూర్యారావు వాడి మోకాలి మీద చెయ్యి వేసేడు.

ల్యాబు ముందు అప్పటికే జనం. అనిత శ్యామ్ బాబుని గుర్తుపట్టి, మళ్ళీ తియ్యమన్నారా అంటూ స్టూలు చూపించింది.

"వాడికి కాదమ్మా, నాకు" అన్నాడు సూర్యారావు.

ఆ గొంతుకి బెంచీ మీదివాళ్ళు తలలు తిప్పేరు. ఒకావిడ పక్కామెని మోచేత్తో పొడిచింది. ఎవరో కుర్రవాడు నవ్వు ఆపుకోవడానికి దగ్గేడు. సూర్యారావు వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. అనిత చీటీ చూసి, ఏ పరీక్షలో మెల్లగా చదువుకుని, పేరు అడిగింది. చెప్పేడు. వయసు అడిగింది.

"నలభయ్యారు" అన్నాడు, వరండా చివరిదాకా వినిపించేలా. "ఈ పరీక్ష నాకు పదిహేడేళ్ళప్పుడు చెయ్యాలమ్మా. ఎవరూ చేయించలేదు."

దగ్గు ఆగిపోయింది. అనిత రబ్బరు కట్టి, నరం మీద స్పిరిట్ దూది రాసింది. సూది దిగేటప్పుడు అతను మొహం తిప్పుకోలేదు. గొట్టంలోకి రక్తం ఎక్కడం చూస్తూ కూర్చున్నాడు. శ్యామ్ బాబు దగ్గరికి వచ్చి అతని భుజం పక్కనే నిలబడ్డాడు.

"నొప్పిగా ఉందా మావయ్యా?"

"నొప్పి లేదురా" అన్నాడు సూర్యారావు. "కోపంగా ఉంది."

"ఎవరి మీద?"

ఎవరి మీదో చెప్పబోయేడు. ఒక్కొక్క మొహమే గుర్తొస్తోంది, ఒక్క దాని దగ్గరా ఆగడం లేదు. ఈలోగా అనిత సూది తీసి, దూది నొక్కి, చెయ్యి మడవమంది.